ఓపెన్ లెవెల్ డాన్స్ క్లాసులో మూడో ఎయిట్ కౌంట్‌కి రాగానే మొదటిది మర్చిపోతున్నాను

హైదరాబాద్ మాదాపూర్‌లో ఒక డాన్స్ స్టూడియోకి ఆరు వారాలుగా వెళ్తున్నాను. మంగళ, గురువారాలు, రాత్రి 7:30 నుంచి 8:30. "అన్ని లెవెల్స్ వాళ్ళూ రావచ్చు" అని బోర్డు మీద ఉంది గానీ, క్లాసులో సగం మంది ఏళ్ళ తరబడి చేస్తున్నవాళ్ళే.

వార్మప్ 10 నిమిషాలు. తర్వాత హిప్‌హాప్, ఒక్కో పాటకి ఆరు ఎయిట్ కౌంట్లు (ఒకటి నుంచి ఎనిమిది వరకు లెక్కపెడుతూ చేసే స్టెప్పుల వరస ఒక ఎయిట్ కౌంట్). మొదటి రెండూ బాగానే వస్తాయి. మూడోది మొదలుపెట్టగానే మొదటిది చెరిగిపోతుంది. అద్దం వైపు నుంచి వెనక్కి తిరిగే చోటైతే మరీ ఘోరం: ఎదురుగా ఖాళీ గోడ, పక్కవాళ్ళ చేతులు చూసేలోపు పాట ముందుకెళ్ళిపోతుంది. చివర్లో గ్రూపులుగా వీడియో తీస్తారు. అందులో ప్రతి స్టెప్పూ నాది ఒక కౌంట్ ఆలస్యమే.

ఇంట్లో వీడియో సగం స్పీడులో పెట్టి చేశాను. మర్నాటికి వచ్చేస్తుంది, కానీ తర్వాతి క్లాసులో కొత్త పాట! వెనక వరస మానేసి సరిగ్గా సార్ వెనకాలే నిలబడ్డాను. కౌంట్లు పైకి లెక్కపెట్టాను. చిన్నప్పుడు కూచిపూడిలో "తకధిమి తకఝణు" అంటే కాళ్ళు వాటంతట అవే కదిలేవి. ఇక్కడ "ఫైవ్, సిక్స్, సెవెన్, ఎయిట్" అంటే అంకెలు తప్ప ఏమీ గుర్తుండట్లేదు. సార్‌ని అడిగితే "వస్తూ ఉండండి, అదే వస్తుంది" అన్నారు.

ఈ దశ దాటినవాళ్ళు చెప్పండి: క్లాసులో అప్పటికప్పుడు స్టెప్పులు గుర్తుపెట్టుకోవడానికి మీకు నిజంగా పనిచేసిన పద్ధతి ఏది?