రెండు టీవీలు, ఒక హార్డ్ డిస్కు: జెల్లీఫిన్ పెట్టాలా, వద్దా?

కావలి పిల్లోడు: పెళ్లి వీడియోలు, సినిమాలు 1 టీబీ డిస్కులో ఉన్నాయి. కింద హాల్లో ఒక టీవీ, మేడ మీద ఇంకోటి. ఆరో తరం ఐ5 ల్యాప్‌టాప్, 8 జీబీ ర్యామ్, ఖాళీగా పడుంది. డిస్కు టీవీకే పెట్టుకుందామా, లైనక్స్ మింట్ (విండోస్ లాంటి ఉచిత ఓఎస్) వేసి జెల్లీఫిన్ (ఇంట్లోని వీడియోల్ని నెట్‌వర్క్‌లో టీవీలకి పంపే సర్వర్ సాఫ్ట్‌వేర్) నడుపుదామా?

పెన్నా గట్టు: టీవీకే పెట్టబ్బయ్యా. సినిమా చూసేదానికి సర్వరెందుకు? డిస్కు టిక్కుటిక్కుమని ఆగిపోతుంటే పాడైందని పారెయ్యబాక. యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది 500 మిల్లీఆంపులే, మోటారు లేచేటప్పుడు అది చాలదు. సొంత అడాప్టరున్న హబ్ మధ్యలో పెట్టు. డిస్కు ఫార్మాట్ ఫ్యాట్32 అయితే 4 జీబీ దాటిన ఫైలు పట్టదు, ముందే ఎన్‌టీఎఫ్‌ఎస్ చేసుకో.

ఒంగోలు గిత్త: మేడ మీద టీవీ సంగతేందన్నా? రోజూ డిస్కు పీక్కోని మెట్లెక్కాలా? పైగా సినిమాలో డీటీఎస్ అనే రకం ఆడియో ఉంటే చాలా టీవీల్లో బొమ్మ వస్తాది, సౌండు రాదు. జెల్లీఫిన్ అట్టాంటప్పుడు ఆడియో ఒక్కటే మార్చి పంపిస్తాది, ప్రాసెసర్‌కి అదేం బరువు కాదు.

పెన్నా గట్టు: ఆ మాత్రానికి 24 గంటలూ ల్యాప్‌టాప్ తిప్పాలా? 15 వాట్లు వేసుకున్నా నెలకి 10.8 యూనిట్లు. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అని ఫైళ్లు మార్చే ప్రోగ్రామ్ ఉంది, దాన్లో వీడియోకి కాపీ అని ఇచ్చి, ఆడియోని టీవీలు ఆడించే ఏసీ3 రకానికి 640 కేబీపీఎస్‌లో మారిస్తే సరి. వీడియో మళ్లీ ఎన్‌కోడ్ కాదు, క్వాలిటీ చెక్కుచెదరదు.

కందుకూరు కీబోర్డ్: టీవీ ఒకటే అయితే పెన్నా అన్న మాటే రైటు. రెండున్నాయి కాబట్టి నా ఓటు జెల్లీఫిన్‌కే. కాకపోతే దాని తలనొప్పులు ఎవరూ చెప్పలా. మింట్ డిస్కుని మీడియా ఫోల్డర్ కింద నీ యూజర్ పేరు మీద తెరుస్తాది. జెల్లీఫిన్ నడిచేది వేరే యూజర్ కింద, దానికి లోపలికి పోయే పర్మిషన్ ఉండదు. లైబ్రరీ ఖాళీగా కనిపించేది అందుకే. ఎఫ్‌స్టాబ్‌లో (ఏ డిస్కు ఎక్కడ తెరవాలో రాసే ఫైలు) యూయూఐడీతో (డిస్కు గుర్తింపు నంబరు) ఎంఎన్‌టీ ఫోల్డర్ కింద మౌంట్ చెయ్యి, నోఫెయిల్ అనే ఆప్షన్ మర్చిపోబాక. లేకుంటే డిస్కు ఊడిన రోజు సిస్టమ్ ఎమర్జెన్సీ మోడ్‌లోకి పోయి కూర్చుంటాది. మూత వేస్తే నిద్రపోకుండా లాగిన్‌డీ కాన్ఫ్ అనే సెట్టింగ్స్ ఫైల్లో హ్యాండిల్‌లిడ్‌స్విచ్‌కి ఇగ్నోర్ ఇవ్వు.

ఆరో తరం చిప్పుతో ఇంకో చిక్కు: లైనక్స్‌లో 10 బిట్ హెచ్‌ఈవీసీ (ఒక వీడియో ఫార్మాట్) డీకోడ్ హార్డ్‌వేర్‌లో జరగదు, అది ఏడో తరం నుంచే. టీవీ ఆ ఫైలుని నేరుగా ఆడిస్తే బాధ లేదు. కానీ బొమ్మల రూపంలో ఉండే పీజీఎస్ సబ్‌టైటిల్స్ ఆన్ చేస్తే, అవి ఆడించలేని టీవీలకి వీడియో మొత్తం మార్చాల్సి వస్తాది, అప్పుడు ముక్కలు ముక్కలుగా ఆగుద్ది. అక్షరాల రూపంలో ఉండే ఎస్ఆర్‌టీ సబ్‌టైటిల్స్ వాడుకో.

ఒంగోలు గిత్త: ల్యాప్‌టాప్‌కి రూటర్ నుంచి లాన్ కేబులే లాగు. రూటర్‌లో ల్యాప్‌టాప్ ఐపీ అడ్రస్ మారకుండా రిజర్వ్ చేస్తే టీవీలో అడ్రస్, 8096 పోర్టు ఒక్కసారి కొడితే చాలు. బయోస్‌లో చార్జింగ్ పరిమితి ఉంటే 60 శాతం దగ్గర ఆపు. ఎప్పుడూ ప్లగ్గులోనే ఉంటే మన ఎండలకి బ్యాటరీ ఉబ్బొచ్చు.

పెన్నా గట్టు: సరే, రెండు టీవీలకి ఒప్పుకుంటా. పెళ్లి వీడియోలు మాత్రం ఇంకో డిస్కులోకి కాపీ కొట్టినాకే మౌంటూ గింటూ మొదలెట్టు.