అప్‌డేట్: మస్కట్‌కి 7 కిలోల బ్యాగు

మస్కట్ వెళ్తున్నాం, 7 కిలోల క్యాబిన్ బ్యాగే, ఒళ్లు కప్పే బట్టలే కావాలి, ఏం సర్దుకోను అని అడిగాను కదా. వెళ్లొచ్చాం. మంగళగిరి కాటన్ పట్టుకెళ్లమన్న అక్కకి దండం! విజయవాడ వస్త్రలత బట్టల మార్కెట్‌లో గుడ్డ తీసుకుని, వదులుగా, ఫుల్ చేతులతో చుడీదార్లు కుట్టించా. రాత్రి ఏసీ గదిలో ఉతికి ఆరేస్తే పొద్దున్నకి తడి ఉండేది కాదు. మన రోహిణీ ఎండలే నయమనిపించే ఉక్క అక్కడ. సుల్తాన్ ఖాబూస్ మసీదులో ఆడవాళ్లు జుట్టు, మణికట్టు దాకా చేతులు, చీలమండల దాకా కాళ్లు కప్పుకోవాలి. సిల్కు చున్నీ జారిపోతుంది, కాటన్‌దే తీసుకెళ్లండి, చెవి వెనక పిన్ను పెడితే కదలదు. ఆ మసీదులోకి ముస్లిమేతరులకి ప్రవేశం ఉదయం 8 నుంచి 11 దాకానే, శుక్రవారం లేదు. జీన్స్ అసలొద్దు, బరువు, ఆరదు. మాల్స్‌లో ఏసీ చలికి అత్తయ్యకి శాలువా బాగా పనికొచ్చింది.