పెంటికలు లెక్కపెట్టి ఎలుకకి భయం ఎక్కువో తక్కువో ఎలా చెప్తారు?

శ్రావ్య_బెంగళూరు: అందరికీ నమస్తే, ఇక్కడ ఫార్మకాలజీ పీహెచ్‌డీ ఫస్ట్ ఇయర్ నేను. మా గైడ్ మౌడ్స్లీ ఎలుకల గురించి చదవమన్నారు. 1950ల్లో లండన్‌లో బ్రాడ్‌హర్స్ట్ అనే సైకాలజిస్ట్ ఓపెన్ ఫీల్డ్‌లో (ఎలుకని వదిలి చూసే ఖాళీ అరేనా) ఎక్కువ పెంటికలు వేసేవాటిని ఒకవైపు, తక్కువ వేసేవాటిని ఇంకోవైపు జతకట్టిస్తూ పోతే రియాక్టివ్, నాన్‌రియాక్టివ్ అని రెండు లైన్లు వచ్చాయంట. కానీ అది పొట్ట తేడా ఎందుకు కాకూడదు? త్వరలో మా విస్టార్ (ల్యాబ్‌లో వాడే మామూలు తెల్ల రకం) ఎలుకలకీ ఈ టెస్ట్ పెట్టాలి, కాస్త చెప్పండి ప్లీజ్

రాట్‌ల్యాబ్_సీనియర్: మంచి డౌట్ చెల్లీ. 1934లో కాల్విన్ హాల్ అనే సైకాలజిస్ట్ పట్టుకున్నది ఇదే. ఆకలితో ఉన్న ఎలుకల్ని తిండి పెట్టిన అరేనాలో వదిలాడు, పెంటికలు వేసినవి ఆకలి ఉన్నా తిండి ముట్టేవి కాదు, రోజూ అదే చోట వదిలేసరికి అలవాటుపడి పెంటికలు తగ్గాయి, తినడం పెరిగింది. పొట్ట సంగతే అయితే చోటు అలవాటైనంత మాత్రాన అలా ఎందుకు మారుతుంది చెప్పు. బ్రాడ్‌హర్స్ట్ గుండ్రటి అరేనాలో గట్టి లైటు, స్పీకర్ మోత పెట్టి రోజుకి 2 నిమిషాలు, 4 రోజులు చూశాడు. తల్లి పెంపకం వల్లేమో అని పిల్లల్ని రెండు లైన్ల తల్లుల మధ్య మార్చి పెంచినా తేడా పెద్దగా పోలేదు

మధు_న్యూరో: అన్న చెప్పింది కరెక్టే కానీ నాకైతే ఒక్క కొలత మీద నమ్మకం లేదండి. ఎలుక మూల పట్టుకుని కదలకపోతే భయంతో బిగుసుకుపోయిందా, ఊరికే కూర్చుందా అన్నది అరేనా నేల మీద గీసిన గళ్ళల్లో ఎన్ని తిరిగిందన్న లెక్కలో కనపడదు. ఆడవి మామూలుగానే ఎక్కువ తిరుగుతాయి, తక్కువ వేస్తాయి, కాబట్టి ఆడ మగ డేటా ఒకే కుప్పలో పోయకండి. రోమన్ లైన్లు (ఇలాగే ఎంచి జతకట్టించిన ఇంకో రెండు ఎలుకల లైన్లు) గురించి కూడా చదవండి, వాటిని పెంటికలు చూసి కాదు, షటిల్ బాక్స్‌లో (ఒకవైపు నుంచి ఇంకోవైపు దాటగలిగే రెండు గదుల పెట్టె) షాక్ తప్పించుకోవడం ఎంత బాగా నేర్చుకున్నాయో చూసి ఎంచారు, అందులో లో అవాయిడెన్స్‌వి (తప్పించుకోవడం సరిగా నేర్చుకోని లైన్) పారిపోకుండా అక్కడే బిగుసుకుపోతాయి. వీలైతే ప్లస్ మేజ్ (ప్లస్ గుర్తు ఆకారంలో ఎత్తు మీద ఉండే భయం టెస్ట్), రక్తంలో కార్టికోస్టెరాన్ (స్ట్రెస్ హార్మోన్) కొలత కూడా పెట్టండి

శ్రావ్య_బెంగళూరు: థాంక్యూ ఇద్దరికీ! మా యానిమల్ హౌస్ పక్కనే బిల్డింగ్ పని, పగలంతా డ్రిల్లింగ్ మోత. దాంతో ప్రాబ్లమా?

రాట్‌ల్యాబ్_సీనియర్: చాలా. మనకి వినపడని అల్ట్రాసౌండ్ కూడా వాటికి వినిపిస్తుంది, భయపడితే 22 కిలోహెర్ట్జ్ దగ్గర అరుస్తాయి కూడా. పని ఆగాక, రోజూ ఒకే టైమ్‌కి చెయ్యి. ముందు కొన్నాళ్ళు చేతిలోకి తీసుకుని అలవాటు చెయ్యి, ఒక్కో ఎలుక అయ్యాక అరేనా ఆల్కహాల్‌తో తుడువు, లేకపోతే ముందుదాని వాసనకే రెండోది జడుసుకుంటుంది. స్కోర్ చేసేవాళ్ళకి అది ఏ గ్రూపుదో తెలియకూడదు, కేజ్ కార్డు మీద కోడ్ ఒక్కటే రాయి