పాత సోఫా, వాషింగ్ మెషీన్ ఆన్‌లైన్‌లో ఎక్కడ అమ్మితే సేఫ్?

ఇల్లు మారుతున్నాం. మూడు సీట్ల సోఫా, ఏడేళ్ల వాషింగ్ మెషీన్, పాత ట్యాబ్ వదిలించుకోవాలి. పోయిన నెల ఒక సైట్‌లో సోఫా ఫొటో పెట్టానో లేదో, ఒకాయన బేరం కూడా ఆడకుండా ఓకే అన్నాడు. డబ్బు పంపుతున్నానంటూ క్యూఆర్ కోడ్ పెట్టి స్కాన్ చేయమన్నాడు. టెన్షన్ వచ్చి యాడ్ తీసేశాను. ఎక్కడ పెట్టమంటారు?

జవాబు 1:
బతికిపోయారండీ! డబ్బు మనకు రావడానికి కోడ్ స్కాన్ చేయక్కర్లేదు, పిన్ కొట్టక్కర్లేదు, ఓటీపీ చెప్పక్కర్లేదు. సోఫా లాంటి బరువైనవి ముందు మీ అపార్ట్‌మెంట్ గ్రూపులో పెట్టండి. అక్కడ పోకపోతే ఫేస్‌బుక్ మార్కెట్‌ప్లేస్. కొనేవాళ్ల ప్రొఫైల్ నొక్కి చూడండి. నిన్న మొన్న తెరిచిన ఖాతా అయితే నేనసలు జవాబే ఇవ్వను.

జవాబు 2:
ట్యాబ్ జాగ్రత్త. ముందు అందులోంచి మీ ఖాతా (గూగుల్ లాంటిది) తీసేసి, తర్వాత ఫ్యాక్టరీ రీసెట్ చేయండి, అంటే లోపల ఉన్నదంతా చెరిపేయండి. మా చెల్లి ఖాతా తీయకుండానే అమ్మేసింది. కొన్నావిడ రాత్రి పదింటికి ఫోన్ చేసి పాస్‌వర్డ్ అడిగింది! మెమరీ కార్డు కూడా మర్చిపోకండి.

జవాబు 3:
మెషీన్ కనెక్షన్ పీకకండి. వచ్చినవాళ్ల ముందే ఒకసారి తిప్పి చూపిస్తే తర్వాత పేచీ ఉండదు. ఇంట్లో ఒక్కరే ఉన్నప్పుడు మాత్రం రమ్మనొద్దు. డబ్బు వచ్చినట్టు వాళ్లు చూపించే స్క్రీన్‌షాట్ కాదు, మీ బ్యాంకు ఖాతా చూసుకోండి.

ప్రశ్న అడిగినవారు:
థాంక్సండీ. సోఫా పై అంతస్తువాళ్లే తీసుకుంటామన్నారు. ట్యాబ్‌లో కార్డు ఇప్పుడే తీశా, నిండా పిల్లల ఫొటోలే!