దొర్దోన్ ఒడ్డున లా రోక్-గజాక్‌: అమ్మతో, తొమ్మిదేళ్ల బాబుతో నాలుగు రాత్రులు, ఏం చూడొచ్చు?

ఎంవీపీ_సెక్టార్6

మే మూడో వారంలో ఫ్రాన్స్ వెళ్తున్నాం. పారిస్ పోగా నాలుగు రాత్రులు పల్లెల వైపు ఉంచుకున్నాం. దొర్దోన్ నది పక్కన కొండకి అతుక్కున్నట్టుండే లా రోక్-గజాక్‌లో గది చూశాం. మేమిద్దరం, తొమ్మిదేళ్ల బాబు, 66 ఏళ్ల అమ్మ. అమ్మ పూర్తి శాకాహారి, మోకాళ్ల నొప్పులు కూడా. కారు లేకుండా కుదురుతుందా? బాబుతో కనూలో (తెడ్లతో నడిపే సన్నటి పడవ) ఎంత దూరం వెళ్లొచ్చు? గుహల్లో ఏది వదలకూడదు? అమ్మకి తిండి ఎలా? ఆ వైపు బాగా తెలిసినవాళ్లు చెప్పండి.

స్టీరింగ్_ఎడమవైపు

పారిస్ మోన్‌పర్నాస్ నుంచి బోర్దో దాకా టీజీవీ అనే వేగపు రైల్లో రెండు గంటల పైచిలుకు. అక్కడ లోకల్ రైలు మారితే సార్లా, ఇంకో రెండున్నర గంటల పైనే. సార్లా నుంచి మీరు దిగే లా రోక్-గజాక్ పన్నెండు కిలోమీటర్ల లోపే. కానీ ఆ పన్నెండూ దాటించే బస్సులు నమ్ముకునేంత లేవు. మనకి మద్దిలపాలెంలో నిలబడితే ఏదో ఒకటి వస్తుంది, అక్కడ అలా కాదు. అమ్మగారితో అయితే కారే. పారిస్ నుంచి నడుపుకుంటూ రాకండి. బోర్దో దాకా రైలు, అక్కడ కారు.

లైసెన్సుతో పాటు ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ వైజాగ్ ఆర్టీఏలోనే తీసుకోండి, ఏడాది చెల్లుతుంది. డిపాజిట్‌కి నడిపేవాళ్ల పేరు మీదే క్రెడిట్ కార్డు ఉండాలి. చాలాచోట్ల డెబిట్ కార్డు చూపిస్తే తాళాలివ్వరు. గేర్ల బండ్లే ఎక్కువ కాబట్టి ఆటోమేటిక్ కావాలంటే ముందే రాయించుకోవాలి.

మనవాళ్లు పొరబడేది బంకు దగ్గర. పంపు మీద 'గజోల్' అని ఉంటుంది. గ్యాసోలిన్‌లా వినిపిస్తుంది కానీ అది డీజిల్. పెట్రోలు కావాలంటే 'సాఁ ప్లోఁ 95' అన్నది చూడాలి. తప్పు నూనె పోశాక స్టార్ట్ చేస్తే పని పెరుగుతుంది. చేయకుండా ఆపి ఫోన్ చేస్తే ట్యాంకు ఖాళీ చేయించడంతో పోతుంది. ఆదివారాలు పల్లె బంకుల్లో మనిషి ఉండరు, పిన్ నంబరున్న కార్డుతోనే పంపు కదులుతుంది.

వేగం ఊళ్లో గంటకి 50 కిలోమీటర్లు దాటకూడదు. ఊరు దాటాక, మధ్య డివైడర్ లేని రోడ్ల మీద 2018 జులై నుంచి మామూలుగా 80. బోర్డు లేని కూడళ్లలో కుడివైపు నుంచి వచ్చేవాడికే దారి, వాడు చిన్న సందులోంచి వచ్చినా సరే.

వీసా మాట: ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయొచ్చు, పదిహేను రోజులకన్నా ఆలస్యం చేయకూడదు. పెద్దలకి 90 యూరోలు, బాబుకి 45. ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోలకి ఉండాలి.

తెడ్డు_మాస్టారు

కనూ గురించి. నది పారే వరస ఇది: విత్రాక్, సెనాక్, లా రోక్-గజాక్, కాస్తెల్‌నో, బేనాక్. విత్రాక్ నుంచి బేనాక్ సుమారు 16 కిలోమీటర్లు. సెనాక్ నుంచి పది లోపు. బాబుతో సెనాక్ నుంచి చాలు, ఆగుతూ పోతే రెండున్నర మూడు గంటలు. చూడాల్సిన కొండలూ కోటలూ ఈ ముక్కలోనే ఉన్నాయి. 16 అంటే చివరి గంట పిల్లాడు నస పెడతాడు. అద్దెకిచ్చేవాళ్ళే వ్యానులో ఎగువకి దింపడమో, దిగువ నుంచి వెనక్కి తేవడమో చేస్తారు. చివరి వ్యాను ఎన్ని గంటలకో బయల్దేరే ముందే అడగండి.

ఈత రావాలి, బాబుకి కూడా. లైఫ్ జాకెట్ బిగించాక భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూడండి. గడ్డం దాటి పైకొస్తే అది పెద్ద సైజు. చెప్పులు కాదు, వెనక పట్టీ ఉన్న శాండిల్. సరుకు ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి పడవకి కట్టండి. పాస్‌పోర్టులు గదిలోనే.

బలమున్నవాళ్లు వెనక కూర్చుని దారి తిప్పాలి, బాబు మధ్యలో. రుషికొండలో కయాక్ వేసినవాళ్లకి ఒక అలవాటు ఉంటుంది: అలసిపోతే ఆపేయొచ్చు, ఎక్కడో ఒకచోట ఒడ్డుకి చేరతాం అని. నదిలో నీళ్లు ఒకే వైపు తోస్తాయి, రేవు దాటిపోతే తిరిగి ఎగువకి తెడ్డు వేయలేరు. అందుకే దిగాల్సిన చోటికి వంద మీటర్ల ముందే ఒడ్డు పట్టుకోండి. ఆనుకునే ముందు పడవ ముక్కుని ఎగువకి తిప్పితే ఉరవడే పడవని నిదానపరుస్తుంది. ముక్కు దిగువకి పెట్టి ఆనితే తోక తిరిగి అడ్డం పడుతుంది.

బోల్తా పడేది ఎక్కువగా వంతెన స్తంభాల దగ్గర. పడవ అడ్డంగా వెళ్లి తగలబోతుంటే భయంతో అందరూ స్తంభానికి అవతలి వైపు ఒరుగుతారు. అప్పుడు ఎగువ అంచు కిందికి దిగి నీళ్లు ఎక్కేస్తాయి. స్తంభం వైపే ఒరగాలి, చేత్తో దాన్ని తోసుకుంటూ జారిపోవాలి. మలుపుల్లో బయటి ఒడ్డున పడిపోయిన చెట్ల కొమ్మలుంటాయి. నీళ్లు వాటి గుండా పోతాయి, మనిషి పోలేడు. కాబట్టి లోపలి వైపు పట్టుకోండి. పడిపోతే పడవకి ఎగువ వైపున ఉండి, వెల్లకిలా, కాళ్లు దిగువకి పెట్టి తేలండి. మోకాలి లోతు దాటిన చోట ఉరవడిలో నిలబడే ప్రయత్నం వద్దు, కాలు రాళ్ల సందులో ఇరుక్కుంటే నీళ్లు మనిషిని ముందుకి తోసి ముంచుతాయి.

మేలో వానలు గట్టిగా పడితే నీరు ఎక్కువై ఆ రోజుకి అద్దెలు ఆపేస్తారు. కనూని ఆఖరి రోజుకి పెట్టకండి.

కోటల_పిచ్చి

బేనాక్ కోట, కాస్తెల్‌నో కోట నదికి అటూ ఇటూ కొండల మీద ఒకదాన్నొకటి చూసుకుంటూ ఉంటాయి. నూరేళ్ల యుద్ధంలో ఒకటి ఫ్రెంచి వాళ్ల వైపు, రెండోది చాలాకాలం ఇంగ్లిష్ వాళ్ల వైపు. ఒకటే చూడగలిగితే కాస్తెల్‌నో. మధ్యయుగపు యుద్ధ సామగ్రి మ్యూజియం అక్కడే ఉంది, రాళ్లు విసిరే ట్రెబుషే యంత్రాలు అసలు కొలతలతో కట్టినవి. బాబు కదలడు. కానీ ఎక్కుడు నిటారుగా ఉంటుంది, అమ్మగారికి వద్దు.

అమ్మగారికి మార్కేసాక్ తోట. కత్తిరించిన బాక్స్‌వుడ్ పొదలు 1,50,000, ప్రధాన నడకదారి దాదాపు చదును, చివర నది మీదికి 130 మీటర్ల ఎత్తు నుంచి మీరుండే లా రోక్-గజాకే కనిపిస్తుంది. ఎదురుగా దోమ్. పేరు చూసి కంగారు పడకండి, దోమలతో సంబంధం లేదు. 1281లో కట్టిన ప్రాకారం ఊరు, కారు పైదాకా వెళ్తుంది.

గుహలు. ఆదిమానవుల బొమ్మలున్న అసలు లాస్కో గుహ 1940లో నలుగురు కుర్రాళ్లకి దొరికింది. జనం ఊపిరి, తేమ, వెలుతురు వల్ల గోడల మీద నాచు పట్టి 1963లో మూసేశారు. మోంతిన్యాక్‌లో 2016లో తెరిచిన 'లాస్కో-4' దాని నకలు. అసలు బొమ్మలే కావాలంటే ఫోన్-ద-గోమ్ గుహ, రోజుకి లోపలికి పంపేది కొద్దిమందినే, టికెట్లు ముందే అయిపోతాయి. బొర్రా గుహల్లా ఉక్కపోత ఉండదు, 13 డిగ్రీలు. స్వెట్టర్లు తప్పనిసరి. ఒక పూట ఒక గుహే పెట్టుకోండి.

బుధ, శని వారాలు సార్లాలో సంత. తొమ్మిదిలోపు వెళ్తేనే పార్కింగ్ దొరుకుతుంది. ఈస్టర్ తర్వాత ఆరో గురువారం అక్కడ సెలవు, మీ తేదీలు ఆ వారంలో పడితే గది, గుహ టికెట్ ఇప్పుడే చేసుకోండి.

పప్పు_ఆవకాయ

తిండి ఒక్కటే జాగ్రత్త. అది బాతుల దేశం. 'పోమ్ సార్లాదేజ్' అంటే వట్టి బంగాళదుంపల వేపుడే అనుకుంటాం, వేయించేది బాతు కొవ్వులో. వెల్లుల్లి సూపులోనూ అదే కొవ్వు పడుతుంది. పెరిగోర్ సలాడ్‌లో బాతు కందనకాయలుంటాయి. వడ్డించేవాళ్లతో 'ని వియాండ్, ని ప్వాసోఁ, సాఁ గ్రెస్ ద కనార్' అనండి: మాంసం వద్దు, చేప వద్దు, బాతు కొవ్వు వద్దు. అమ్మగారికి నప్పేవి: కాబెకూ అనే చిన్న మేకపాల చీజ్ పెట్టిన సలాడ్, వాల్‌నట్ నూనె వేసిన కూరగాయలు. గుడ్డు తింటే అడవి పుట్టగొడుగుల ఆమ్లెట్, వాల్‌నట్ కేకు.

హోటళ్లలో భోజనం మధ్యాహ్నం 12 నుంచి 2, రాత్రి ఏడున్నర తర్వాత. మూడింటికి వెళ్తే వంటగది మూసి ఉంటుంది. వంటిల్లున్న గది తీసుకోండి. బియ్యం అక్కడ దొరుకుతాయి, కందిపప్పు దొరకడం కష్టం. అరకిలో పట్టుకెళ్తే నాలుగు రోజులకి చాలు.

ఎంవీపీ_సెక్టార్6

చాలా థాంక్సండీ. మేం కనూలో ఉన్నప్పుడు అమ్మ ఏం చేస్తుంది? ఒంటరిగా గదిలో కూర్చోబెట్టాలంటే మనసు ఒప్పట్లేదు.

తెడ్డు_మాస్టారు

లా రోక్-గజాక్ రేవు నుంచే గబార్ అనే చదునడుగు పడవలు తిరుగుతాయి, పాతకాలం సరుకు పడవల తీరులో. సుమారు గంట, కూర్చునే చూడొచ్చు, పాపికొండల లాంచీ అలవాటున్నవాళ్లకి కొత్తగా ఉండదు. కానీ దానికోసం ఆవిడని ఒక్కరినీ పంపకండి. పొద్దున నలుగురూ గబార్ ఎక్కండి. మధ్యాహ్నం మీరొకరు బాబుతో కనూ, ఇంకొకరు అమ్మగారితో కారులో బేనాక్ రేవుకి. నది ఒడ్డునే బెంచీలు, కాఫీ ఉన్నాయి. అప్పుడు వ్యాను కోసం ఆరాటం కూడా ఉండదు, పడవ అక్కడ అప్పగిస్తే కుదురుతుందా అని మాత్రం ముందే అడగండి. మేలో తొమ్మిది దాటేదాకా వెలుతురే, తొందరేం లేదు.