పాతకాలం తరహా స్ట్రాట్ గిటార్ మీద అంత డబ్బు పెట్టొచ్చా?

అందరికీ నమస్కారం. నా దగ్గర స్క్వైర్ (ఫెండర్ వాళ్ల చవక బ్రాండు) క్లాసిక్ వైబ్ స్ట్రాటోకాస్టర్ (స్ట్రాట్) ఎలక్ట్రిక్ గిటార్ ఉంది. ఫెండర్ 2022లో తెచ్చిన అమెరికన్ వింటేజ్ టూ సిరీస్‌లోని 1957 మోడల్ మీద మనసు పడింది. ధర మాత్రం నాలుగైదు రెట్లు!

చూస్తే రెండింట్లోనూ ఆల్నికో అయస్కాంతాల పికప్పులే (తీగ కదలికను విద్యుత్ సంకేతంగా మార్చేవి). ఖరీదైనదానికి నైట్రో లక్కర్ (నైట్రోసెల్యులోజ్ వార్నిష్) పూత, పాతకాలం లెక్కలో 7.25 అంగుళాల రేడియస్ (అంకె తగ్గేకొద్దీ వంపు ఎక్కువ) ఉన్న ఫ్రెట్‌బోర్డు, అంటే వేళ్లతో తీగలు నొక్కే పలక. నాదానిది 9.5. కార్డులు (కొన్ని స్వరాలు కలిపి వాయించేవి) పట్టుకోవడానికి 7.25 హాయిగానే ఉంటుంది. కానీ తీగల ఎత్తు బాగా తగ్గించుకుంటే, పై ఫ్రెట్లలో (పలక మీది అడ్డ లోహపు పట్టీలు) బెండ్ చేసేటప్పుడు, అంటే తీగను పక్కకి లాగేటప్పుడు, స్వరం మధ్యలోనే ఆగిపోతుంది. నేను వాయించేదంతా బెండ్లే మరి!

పలచటి నైట్రో పూత వల్ల చెక్క బాగా మోగుతుందన్న మాట నాకైతే నమ్మబుద్ధి కావడం లేదు. తీగ కదలికను పట్టేది పికప్పే కదా. పైగా మాది విశాఖ. ఈ ఉక్కపోతకి, చేతి చెమటకి ఆ పూత జిగటగా మారుతుందా?

రెండూ వాడినవాళ్లు కాస్త చెప్పండి. ఉన్నదానికే మంచి పికప్పులు వేయించి, ఫ్రెట్లు సరిచేయించి, మిగిలిన డబ్బుతో ట్యూబ్ ఆంప్ (వాక్యూమ్ ట్యూబులతో పనిచేసే ఆంప్లిఫయర్) కొనుక్కోవడం నయమా? ఒకవేళ కొని తర్వాత అమ్మాల్సి వస్తే, మన దగ్గర ఇలాంటివాటికి సెకండ్ హ్యాండ్‌లో గిరాకీ ఉంటుందా?