గుట్ట దగ్గర రాబందులకు కళేబరాలు వేయాలంటే ఏ పశువు పనికొస్తుంది, ఏది పనికిరాదు?

పెద్దవాగు_ఒడ్డు:
పాలరాపు గుట్ట (తెలంగాణలో ఆసిఫాబాద్ జిల్లా, బెజ్జూరు అడవి, పెద్దవాగు ప్రాణహితలో కలిసే వైపు) మీద పొడుగు ముక్కు రాబందులు గూళ్లు పెడుతున్నాయని 2013లో బయటపడింది కదా. చుట్టుపక్కల ఊళ్లలో చచ్చిన ఎద్దులు, బర్రెలు ఊరవతల పడేస్తే కుక్కలే పీక్కుతింటున్నాయి. అటవీశాఖ అనుమతితో ఒకచోట రాబందులకు వేసే ఏర్పాటు చేద్దామని కొందరం అనుకుంటున్నాం. డైక్లోఫెనాక్ (పశువు మాంసంతో పాటు తిన్న రాబందులను చంపే నొప్పి మందు) పశువులకు వాడకూడదని 2006లోనే నిషేధించారు, కాబట్టి ఇప్పుడు చచ్చిన పశువు ఏదైనా వేయొచ్చా? తోలు తీయాలా, అలాగే వేయాలా? గుట్టకు ఎంత దూరం ఉండాలి?

సూదిమందు_లెక్క:
"ఏదైనా వేయొచ్చా" అన్న దగ్గరే ఆగండి. నిషేధం వల్ల పశువుల పేరుతో అమ్మే డైక్లోఫెనాక్ పోయింది, మనుషుల డైక్లోఫెనాక్ మందుల షాపులో అలాగే ఉంది. పెద్ద సీసాలు కొని పశువులకు పొడుస్తున్నారనే 2015లో మనుషుల సూదిమందును 3 మి.లీ. ఒక్క డోసు ప్యాకింగుకే పరిమితం చేశారు. అయినా పది చిన్న సీసాలు కలిపి వేసేవాడిని ఆపేదేముంది?

పైగా సమస్య ఈ ఒక్క నొప్పి మందుతో కాదు. అసిక్లోఫెనాక్ పశువు ఒంట్లోకి వెళ్లగానే డైక్లోఫెనాక్‌గా మారుతుంది, అంటే పేరు వేరు, విషం ఒకటే. కీటోప్రొఫెన్ కూడా రాబందులను చంపుతుందని ప్రయోగాల్లో తేలింది. ఈ రెండింటినీ 2023లో పశువుల వాడకానికి నిషేధించారు. నిమెసులైడ్ వంతు 2024 చివర్లో వచ్చింది. ఫ్లూనిక్సిన్, కార్ప్రొఫెన్ ఎక్కించిన పశువును కూడా పక్కన పెట్టండి. రాబందుకు హాని లేదని పరీక్షించి చెప్పినవి మెలాక్సికామ్, టోల్ఫెనమిక్ ఆమ్లం.

విష తీవ్రత ఎంతంటే, కిలో బరువుకు 0.1–0.2 మి.గ్రా. డైక్లోఫెనాక్ చేరితే సగం పక్షులు చచ్చిపోతాయి. పొడుగు ముక్కు రాబందు 5–6 కిలోలుంటుంది, అంటే ఒక మిల్లీగ్రాము అటూ ఇటూ చాలు. కిడ్నీలు పనిచేయక యూరిక్ ఆమ్లం బయటికి పోదు, గుండె మీద, కాలేయం మీద సున్నం పూసినట్టు పేరుకుంటుంది, రెండు రోజుల్లో పక్షి పడిపోతుంది. రాబందులు గుంపుగా తింటాయి కాబట్టి ఒక్క కళేబరం చాలా పక్షులను తీసుకుపోతుంది. 1990ల్లో మన దేశంలో రాబందుల సంఖ్య అంత వేగంగా కూలడానికి వందలో ఒక్క కళేబరం కంటే తక్కువ విషపూరితమైనా చాలని లెక్కగట్టారు.

ఇక రోజుల లెక్క. సూది వేసిన మూడు రోజుల దాకా పశువు కాలేయం, కిడ్నీల్లో ప్రాణం తీసేంత మందు ఉంటుంది. జాగ్రత్తకు వారం పెట్టుకోండి. కానీ అసలు చిక్కు వేరే ఉంది: జబ్బు ముదిరిన గొడ్డుకే సూది వేస్తారు, అది తగ్గకనే చస్తుంది. అంటే చచ్చిన గొడ్డు అనగానే, ఆఖరి రెండు రోజుల్లో సూది పడి ఉంటుందనే అనుకోవాలి. యజమానిని "ఏం మందు" అని అడిగితే "నొప్పి సూది" అంటాడు తప్ప పేరు చెప్పడు. సీసా చూపించమనండి, లేదా వేసినవాళ్లను (పశువుల డాక్టరు, గోపాలమిత్ర, ఊరి ఆర్‌ఎంపీ) అడగండి. చెవి పోగు మీది 12 అంకెల నంబరు రాసుకోండి, తర్వాత వెతుక్కోవడానికి అదొక్కటే ఆధారం. పేరు తేలకపోతే వేయొద్దు, పూడ్చేయండి.

గుట్టనీడ:
స్థలం గురించి. గూడున్న కొండచరియ కింద వేయొద్దు. పొడుగు ముక్కుది రాతి అంచుల మీద గూడు, ఏడాదికి ఒక్కటే గుడ్డు. చలికాలంలో పెడుతుంది, పిల్ల ఎగిరేసరికి ఎండాకాలం వచ్చేస్తుంది. ఆ నెలల్లో కింద మనుషులు, ట్రాక్టరు తిరిగితే పెద్దపక్షి గూడు వదిలి లేస్తుంది, ఎండకు గుడ్డో పిల్లో పోతుంది. ఆహారం కోసం ఇవి రోజుకు పదుల కిలోమీటర్లు ఎగురుతాయి కాబట్టి దూరమైతే రావేమోనన్న భయం అక్కర్లేదు. ఎత్తయిన, చెట్లు తక్కువున్న బయలు చాలు. బరువైన పక్షి కడుపు నిండా తిన్నాక పరుగెత్తి లేవాలి. కరెంటు తీగలు, రోడ్డు దగ్గర అసలు వద్దు. దగ్గర్లో లోతులేని నీళ్ల మడుగు ఉంటే తిన్నాక దిగి స్నానం చేస్తాయి.

బర్రె తోలు ముక్కుతో చీల్చడం వాటికి కష్టం. కళ్లు, మలద్వారం దగ్గరే మొదలుపెడతాయి. తోలు తీసి వేస్తే గంటల్లో పని అవుతుంది. తెల్లారేటప్పటికే పెట్టండి, ఎండ వేడికి గాలి పైకి లేవగానే అవి ఆకాశంలో ఉంటాయి. ఒక్కో పక్షి ఒక పూటకు రమారమి కిలో తింటుంది. ఇరవై పక్షులకు పూర్తి బర్రె ఎక్కువే, మిగిలింది కుక్కలకు పండగ. చుట్టూ కుక్క దూరని కంచె వేయాలి. పలుపుతాడు, గంట, చెవి పోగు, ప్లాస్టిక్ తీసేయాలి.

ఒక్క మాట ఖచ్చితంగా: ముక్కు, నోరు, మలద్వారం నుంచి నల్లటి రక్తం కారుతూ హఠాత్తుగా చచ్చిన పశువును తోలు తీయొద్దు, కోయొద్దు. అది దొమ్మ (ఆంత్రాక్స్) కావచ్చు, మనిషికీ అంటుతుంది. పశువైద్యుడిని పిలిచి సున్నం వేసి లోతుగా పూడ్చండి.

వాగుదాటి:
అసలు ఇక్కడ ఆహారం కొరత ఉందా? ముందు అది తేల్చుకోండి. ఏ సూదిమందు పడిందో తెలియని కళేబరాలు వేసి నడిపే రాబందుల ఆహార కేంద్రం, అసలు కేంద్రం లేనిదానికంటే ప్రమాదం. చెల్లాచెదురుగా తినే పక్షులన్నీ ఒకచోట గుమికూడితే, పొరపాటు జరిగినప్పుడు అన్నీ కలిసే పోతాయి. అందుకే రాబందుల సురక్షిత ప్రాంతం అంటే 100 కి.మీ. వ్యాసార్థంలో మందుల షాపులు, పశువైద్యం, విషపు ఎరలు అన్నీ చూడాలంటారు. ప్రాణహిత అవతలి గడ్చిరోలి షాపులూ ఆ లెక్కలోకే వస్తాయి, పక్షికి రాష్ట్ర సరిహద్దు లేదు.

విషపు ఎర సంగతి ఎవరూ అడగలేదు. దూడను చంపిన చిరుతకో, కుక్కలకో కళేబరంలో పురుగుమందు గుళికలు పెట్టేస్తారు. చిరుత రాకపోయినా రాబందు వస్తుంది. దూడ పోతే అటవీశాఖ నుంచి పరిహారం ఎలా వస్తుందో ఊళ్లో చెప్పడం కళేబరాలు మోయడం కంటే ముందు చేయాల్సిన పని.

పెద్దవాగు_ఒడ్డు:
సరే, కేంద్రం వాయిదా. ముందు మందుల షాపులు, ఆర్‌ఎంపీల దగ్గరికి వెళ్తాం. మెలాక్సికామ్ నెమ్మదిగా పనిచేస్తుంది, ఎక్కువ సీసా కావాలి అని వాళ్లు అంటే ఏం చెప్పాలి?

సూదిమందు_లెక్క:
ఎక్కువ భాగం డోసు సరిగా వేయకపోవడమే. కిలోకు 0.5 మి.గ్రా. చొప్పున 300 కిలోల ఎద్దుకు 150 మి.గ్రా. కావాలి. మి.లీ.కి 5 మి.గ్రా. ఉన్న సీసాతో 30 మి.లీ. అవుతుంది. 10–15 మి.లీ. వేసి "మందు పనిచేయలేదు" అంటారు. 30 మి.లీ. ఒకేచోట కుక్కితే కండ వాస్తుంది, పంచి వేయాలి. గాఢత సీసా సీసాకీ మారుతుంది, లేబుల్ చూడకుండా మి.లీ.లు చెప్పొద్దు. మెలాక్సికామ్‌తో ఇంకో మందు కలిపినవీ దొరుకుతాయి. లేబుల్ మీద రెండో పేరు కూడా చదవండి.

గుట్టనీడ:
చచ్చిన రాబందు కనిపిస్తే పూడ్చొద్దు, కాల్చొద్దు, చేత్తో ముట్టుకోవద్దు. ఫొటో, చోటు, సమయం రాసుకుని వెంటనే అటవీ రేంజి ఆఫీసుకు చెప్పండి. త్వరగా మంచులో పెట్టి పోస్టుమార్టానికి పంపితేనే కిడ్నీ, కాలేయం ముక్కల్లో ఏ మందో తెలుస్తుంది. ఎండలో ఒక రోజు పడి ఉంటే కుళ్లిపోయి చాలా వరకు పరీక్షకు పనికిరాదు.